మూడు మంచు బండ్లు, ఒక తొట్టెల

ట్రక్కు దిగేసరికి పొద్దున తొమ్మిదిన్నర. మైనస్ పదకొండు. నాలుగు రేకుల షెడ్లు, రెండు బంకర్లు, ఒక జెండా కట్టె. మిగిలిందంత తెలుపు. ఎత్తు పన్నెండు వేల అడుగులు. ఆ జాగ పేరు రాయను, రాయొద్దు గూడ. మేం దాన్ని 'కింద' అనేటోళ్లం. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు, ఇంకో రెండు వేల అడుగులు ఎక్కితె తొమ్మిది మంది ఉండే చిన్న పోస్టు. దాన్ని 'పైన' అనేటోళ్లం. నా డ్యూటీ అంత ఆ కిందకు, ఆ పైనకు నడుమ గడిచింది.

నాది ఉప్పల్ దగ్గర చిల్కానగర్. మా నాయిన నాచారంల ఒక ఫ్యాక్టరీల పని చేసిండు. నేను పదో తరగతి రెండో తాపకు పాసైన. ఎండకాలం సెలవులల్ల మా మేనమామ షెడ్డుల ట్రాలీ ఆటోలు విప్పుడు, బిగించుడు నేర్సుకున్న. ఆ పనే నన్ను ఫౌజుల బండ్ల మెకానిక్కును చేసింది. చదువు తక్కువే గాని ఒక ఇంజన్ సప్పుడు ఒక్కసారి విన్ననంటె పదేండ్లకు గూడ మర్వను. ఇప్పుడు మెట్రో స్టేషన్ కాడ చాయ్ తాగుకుంట "అన్నా, బార్డర్ల ఏం చేసినవ్" అని అడుగుతరు. ప్లగ్గులు మార్చిన అంట. నవ్వుతరు. నిజమే చెప్తున్న.

దిగినంక మూడు దినాలు ఏం పని చెప్పలె. ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు కావాలె. బూటు లేసు కట్టుకుంటె గూడ రొప్పు వస్తది. సామాను ఇచ్చిన్రు. మంచు బూట్లు, రెండు జతల చేతి తొడుగులు, నల్లద్దాలు, ఊతకర్ర, చెవులు మూసే టోపి. లోపలి తొడుగు తోని బోల్టు తిప్పొచ్చు. బయటి తొడుగు తోని గిన్నె గూడ పట్టరాదు. తొడుగు తీసి ఇనుము పట్టుకుంటె తోలు అంటుకుంటది. మొదటి వారమే ఒక వేలు కొస పోగొట్టుకున్న. తోలు మాత్రమే, ఫికర్ లేదు.

మా వంటాయన విజయనగరం మనిషి. నేను దిగిన్నాడు నా మొకం సూసి "ఏటి తమ్ముడూ, ఐద్రాబాదా? మంచు ఫ్రిజ్జులో తప్ప సూడలేదా?" అన్నడు. నేను "నువ్వేడ సూసినవ్ అన్నా" అన్న. "నానూ ఫ్రిజ్జులోనే" అన్నడు. ఆ దినం నుంచి ఇద్దరం ఒక్క కంచం.

పైనకు బియ్యం, కిరోసిన్, మందులు, బ్యాటరీలు అన్నీ వీపుల మీదనే పోవాలె. మనిషికి ఇరవై కిలోలు. ఎక్కనీకి ఐదు గంటలు, దిగనీకి మూడు. మా కంటె ముందటి చలికాలం పైన ఒక జవానుకు ఛాతీల నీరు చేరితె ఎనిమిది మంది స్ట్రెచర్ మీద మోస్కొచ్చిన్రట. ఎనిమిది గంటలు పట్టింది. ఆయన బతికిండు, గాని గంట లేటైతె బతకకపోవు అని మా సుబేదార్ సాబ్ అనేటోడు. గప్పటి నుంచే మంచు మీద పోయే బండి కావాలని హెడ్ క్వార్టర్‌కు రాసుకుంట ఉన్నరు.

మూడు నెలలు గిట్ల గడిచినయ్. చలికాలం చివరి భాగంల రెండు ముచ్చట్లు ఒక్క వారంల అయినయ్.

ఒకటి, నాకు బిడ్డ పుట్టింది. పొద్దుగాల పదకొండింటికి ఫోన్ల మా అమ్మ చెప్పింది. వారానికి రెండు నిమిషాల ఫోను మాకు. అందుల ఒకటిన్నర నిమిషం అమ్మనే మాట్లాడింది.

"ఆపరేషన్ చేసిన్రు, తల్లి బిడ్డ మంచిగున్నరు. ఇరవై ఒకటో దినం తొట్టెల్ల ఏస్తం. నువ్వు రావాలె. మీ నాయిన లెక్క చెయ్యకు."

నాయిన లెక్క అంటె ఒక కథ ఉన్నది. మా ఇండ్లల్ల తండ్రే బిడ్డను ఎత్తి తొట్టెల్ల పండవెట్టాలె, చెవుల మొదలు పేరు తండ్రే చెప్పాలె. నా తొట్టెల నాడు మా నాయిన డబల్ డ్యూటీల ఇరుక్కున్నడు. నాచారం నుంచి చిల్కానగర్ ఎంత దూరం? సైకిల్ మీద పావుగంట. గంత దగ్గరుండి రాలె. నా చెవుల మా మేనమామ పేరు చెప్పిండు. మా నాయిన పోయిందాక అమ్మ ఆ మాట మర్వలె. అన్నంల ఉప్పు ఎక్కువైందని ఆయన అంటె సాలు, "తొట్టెలకు రానోనికి ఉప్పు సంగతెందుకు" అనేది. నేను పెండ్లి నాడే అనుకున్న, నా బిడ్డ చెవుల నేనే చెప్తనని.

సుబేదార్ సాబ్ లెక్క చూసిండు. నా డ్యూటీ గూడ అయిపోవస్తున్నది. కిందికి దిగే బ్యాచు బిడ్డ పుట్టిన పదహారో దినం పోతది. ట్రక్కు రెండు దినాలు, రైలు రెండు దినాలు. ఇరవయ్యో దినానికి ఇంట్ల ఉంట. ఒక దినం మిగిలింది. సంబురమైంది.

రెండోది, బిడ్డ పుట్టిన ఐదో దినం మూడు మంచు బండ్లు వచ్చినయ్.

సినిమాలల్ల సూసి ఉంటరు. ముంగట రెండు స్కీలు, వెనక టైర్లకు బదులు రబ్బరు పట్టా. మోటర్ సైకిల్ లెక్క హ్యాండిల్. ఫౌజుల స్నో స్కూటర్ అంటరు. మూడు కంపెనీలవి, మూడు దేశాలవి. పది దినాలు నడిపి ఏది మన కొండకు పనికొస్తదో చెప్పాలె. మేం చెప్పిందే పైనకు వస్తది. కంపెనీల పేర్లు నేను రాయను. మేం గూడ రంగులతోనే పిలిచినం.

ఎర్రది సన్నగ, తేలికగ ఉండె. పట్టా పొడుగు, దాని మీది రబ్బరు పండ్లు నాలుగు వేళ్ల లోతు. అచ్చం కొండల కోసమే చేసిన బండి. నల్లది బరువు. బటన్ నొక్కితె స్టార్టు, హ్యాండిల్ పట్టుకుంటె వెచ్చగ, రివర్స్ గేరు, సీటు సోఫా లెక్క. పసుపుది వెడల్పు పట్టాది. సూడనీకి ఇస్త్రీ బండి లెక్క ఉంటది. తాడు గుంజి స్టార్టు చేయాలె. గాలి తోనే చల్లవడే ఇంజన్. సప్పుడు సూస్తె ఉప్పల్ల కారం గిర్నీ.

వంటాయన వచ్చి సుట్టు తిరిగిండు. "ఇది పందెంకోడి" అన్నడు ఎర్రదాన్ని. "ఇది దున్నపోతు" నల్లదాన్ని. పసుపుదాని ముంగట నిలవడి తల గోక్కున్నడు. "ఇది మా అత్తోరి బండి."

"అంటె?"

"ఎల్తాది. ఎప్పుడెల్తాదో అడక్కూడదు."

కెప్టెన్ సాబ్ పద్నాలుగు గడులున్న కాయితం తయారు చేసిండు. ఆయన హిందీల మాట్లాడుతడు, నేను మన భాషల రాస్తున్న. పొద్దున ఆరింటికి చలిల ఎన్ని తాపలకు స్టార్టు అయితది. ఖాళీగ ఎంత స్పీడు. ఇద్దరు కూసుంటె ఎంత. వెనక స్లెడ్జి, అంటె మంచు మీద జారే బల్ల, కట్టి వంద కిలోలు ఏస్తె ఎంత. కొండకు అడ్డంగ పోతె జారుతదా. మంచుల దిగవడితె ఎంత మంది గుంజాలె. లీటరుకు ఎంత దూరం. ఏం పాడైంది. ఆ ఆఖరి గడి నా చేతిల పెట్టిండు. నా రాత గలీజు గనుక నేను చెప్పుడు, ఆయన రాసుడు.

పైన దాక పోనియ్యలె. పోస్టు కింద ఆఖరి వాలు మీద కొత్త మంచు ఉన్నది, కూలుతదని సుబేదార్ సాబ్ ఆపిండు. నాలుగు కిలోమీటర్ల మీద రెండు కొండల నడుమ ఒక సందు ఉంటది, మేం మెడ అంటం. ఆడిదాకనే.

ఆ పది దినాల సంగతి చెప్పాలంటె నాకు ఇప్పటికీ నవ్వొస్తది. చిన్నప్పుడు సైకిల్ కిరాయికి తెచ్చుకున్న సంబురం. ఎర్రదాని మీద మొదటి తాప పోయినప్పుడు మెత్త మంచుల అది మునగలె, తేలింది. నడుము పక్కకు వంచితె సాలు, బండి గూడ వంగి కొండకు అడ్డంగ కోసుకుంట పోయింది. పొడి మంచు మొకం మీదికి లేస్తది. మెడకు పదకొండు నిమిషాలు. నడిస్తె మూడు గంటల తొవ్వ. ఆడ ఇంజన్ ఆపి ఒక్కన్నే పిచ్చోని లెక్క నవ్విన.

నల్లది గట్టి తొవ్వ మీద రాజు. బరువు లెక్క చెయ్యది, పొగ రాదు, సప్పుడు రాదు. గాని మూడో దినం మైనస్ ఇరవై నాలుగు. బటన్ నొక్కితె టిక్కుమన్నది, అంతే. దానికి గుంజే తాడు లేదు. బ్యాటరీ విప్పి వంటింట్ల పొయ్యి పక్కన పెట్టినం. వంటాయన దానికి దుప్పటి కప్పి "బాలింత, లేపకండి" అన్నడు. అదే దినం మధ్యాహ్నం మెత్త మంచుల దిగవడ్డది. ఆరుగురం గుంజితె గంటా నలభై నిమిషాలు పట్టింది.

పసుపుది రోజూ ఒక్క తీరే. మూడో గుంజుకు స్టార్టు. మెడకు ముప్పై ఒక్క నిమిషం, ఖాళీగ పోయినా, బరువుతో పోయినా. మెడ కాడ వంటాయన దిగి దాని పక్క పొంటి నడుసుకుంట వచ్చిండు. "కాళ్లు తిమ్మిరెక్కాయి తమ్ముడూ, నాను ముందెళ్లి టీ పెడతాను, నువ్వు నెమ్మదిగా రా."

నాలుగో దినం తప్పు చేసిన.

ఎర్రది వెనక స్లెడ్జి కట్టి వంద కిలోల కిరోసిన్ డబ్బాలు ఏసుకొని పోయిన. గాలికి మంచు కొట్టుకపోయి తొవ్వంత గట్టి గడ్డ తేలింది. ఎర్రదాని ఇంజన్ నీళ్లతోని చల్లవడ్తది. ఆ నీళ్ల పైపుల మీదికి పట్టా మెత్త మంచు విసరాలె, గప్పుడే చల్లవడ్తది. గడ్డ మీద విసరనీకి మంచు లేదు. ఎర్ర లైటు వెలిగింది. ఆపిన. సల్లారినంక మళ్ల పోయిన. మళ్ల వెలిగింది. ఇంజన్ నుంచి పట్టాను తిప్పే బెల్టు గూడ బరువుకు జారవట్టింది, కాలిన వాసన. వట్టి చేతులతో వాపస్ వచ్చేసరికి రెండు అయింది.

అప్పుడు నేను కెప్టెన్ సాబ్ కాడికి పోవాలె. పోలె. షెడ్డుకు పోయిన.

మా మేనమామకు ఒక పట్టుదల ఉండె. గేటు దాటి లోపలికి వచ్చిన బండి చచ్చి బయటికి పోవద్దు. ఓనరు అన్నం తిని వచ్చేలోపల ఎట్లనన్న నడవాలె. పాడైందని చెప్పుడు మాకు సిగ్గు, బాగైనంక చెప్పుడు అలవాటు. నా చేతులకు అదే వచ్చు. ఇరిగిన మంచం స్ప్రింగులు రెండు తెచ్చి సాగదీసిన. స్కీల వెనక కిందికి వేలాడేటట్టు కట్టిన. అవి గడ్డను గీరుకుంట పోతయ్, పొడి లేస్తది, పట్టా ఆ పొడిని పైపుల మీదికి విసుర్తది. బెల్టు విప్పి గరుకు కాయితం తోని రాకిన. బెల్టు తిరిగే పళ్లేలను తుడిచిన. గంటంబావు. మళ్ల పోయి చూసిన, లైటు వెలగలె. మా మామ సూస్తె భుజం తట్టేటోడు.

సాయంత్రం కెప్టెన్ సాబ్ అడిగిండు. "ఎర్రది?"

"సబ్ ఠీక్, సాబ్."

అబద్ధం చెప్తున్ననని గూడ నాకు తోచలె. నడుస్తున్నది గద మరి.

ఆ తర్వాత ఆరు దినాలు ఎర్రది ఎగిరింది. బిడ్డ పుట్టిన పద్నాలుగో దినం కెప్టెన్ సాబ్ రిపోర్టు సదివిండు. ఎర్రది మొదటిది. పాడైనవి, ఏం లేవు. నేను సంచి సదురుకున్న. రెండు జతల బట్టలు, బిడ్డకు వంటాయన అల్లిన ఉన్ని టోపి. టోపి ఆయన తలకు గూడ సరిపోతది, గంత పెద్దగ అల్లిండు. "గుంట ఎదుగుతాది కదేటి" అన్నడు.

ఆ సాయంత్రం నాలుగింటికి రేడియో కాడ నా డ్యూటీ. పైన రేడియో ఆపరేటర్ బీదర్ మనిషి, తెలుగు మంచిగ వస్తది.

"కిందా, పైన మాట్లాడుతున్న. ఏది గెలిసింది అన్నా? ఓవర్."

"ఎర్రది. ఓవర్."

"మస్తు. మాకు ఉరికేది కావాలె. ఏమన్న అయితె మేం ఏం చేయాలె? ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టెటోడు గూడ లేడు. ఓవర్."

"ఏం కాదు. కొద్దిగ వేడైతుండె. నేను స్ప్రింగులు కట్టిన, బెల్టు రాకిన. ఓవర్."

"మాకొచ్చే బండికి గూడ నువ్వే కడ్తవా? నువ్వు ఇంటికి పోతున్నవ్ గద. ఓవర్."

నేను బటన్ మీది నుంచి వేలు తీసిన.

"ఓవర్ అన్న గద అన్నా. నిద్రవోయినవా? ఓవర్."

రేడియో పక్కనున్న డబ్బా మీద కూసున్న. ముందటి చలికాలం ఎనిమిది గంటలు మోసిన స్ట్రెచర్ నేను సూడలె. గాని అప్పుడు కనవడ్డది. స్ట్రెచర్ కాదు, దాని జాగల ఎర్ర బండి. గడ్డ మీద నిలవడి లైటు వెలుగుతున్నది. వెనక స్లెడ్జి మీద ఒక మనిషి. సుట్టు తొమ్మిది మంది. ఒక్కనికి గూడ మంచం స్ప్రింగు సంగతి తెల్వది.

ఐదింటికి కెప్టెన్ సాబ్ బంకర్ కాడికి పోయి అంత చెప్పిన. ఆయన కోపం చెయ్యలె. టోపి తీసిండు, మళ్ల పెట్టుకున్నడు.

"మూడు బండ్లను పోల్చమన్న. నువ్వు నాలుగోదాన్ని తయారు చేసినవ్."

"గలతీ అయింది సాబ్."

"మళ్ల నడిపి సూడనీకి ఎన్ని దినాలు కావాలె?"

"మూడు, సాబ్. కట్టినవన్ని విప్పాలె. మూడింటికి కొత్త బెల్టులు ఏసి, వచ్చినప్పుడు ఎట్లుండెనో అట్ల చేయాలె."

"నీ బ్యాచు ఎల్లుండి పొద్దున. నువ్వు పో. ఇంకొకరితోని చేయిస్త."

పోవచ్చు. ఆయన పొమ్మన్నడు. కాని ఏ నట్టు నేను ఎంత బిగించిన్నో నా చేతులకు తప్ప ఎవలకు తెల్వది. ఆ బ్యాచు పోయినంక ఇంకోటి ఐదు దినాలకు. అంటె ఇల్లు చేరేసరికి ఇరవై ఐదో దినం. తొట్టెల అయిపోయి నాలుగు దినాలు.

"ఉంట సాబ్" అన్న.

వారం ఫోను మళ్ల పొద్దుగాలనే వచ్చింది. అమ్మకు చెప్పిన. నాలుగు దినాలు లేటైతది, తొట్టెల మీరు కానియ్యండి, మామను చెప్పమనుండ్రి పేరు. ఈ తాప అమ్మ ఒక్కటే మాట అడిగింది.

"పని పాడు చేసినవా?" అన్నది.

"చేసిన. సవరిస్తున్న."

"సరే బిడ్డ. సవరించి రా." ఫోను పెట్టేసింది.

మళ్ల మొదలువెట్టినం. ఈ తాప సుబేదార్ సాబ్ కాయితంల ఒక గడి పెంచిండు. ఆయన మీసం సవరించుకుంట అన్నడు, "పాడైతదా అని కాదు. పాడైతది. పాడైతె దీన్ని ఎవడు బాగు చేస్తడు? మెకానిక్ కాదు. మామూలు మనిషి, తొడుగులు ఏసుకొని, మంచుల, సీటు కింద ఉండే పనిముట్లతోనే." ఇటు అటు సూసిండు. వంటాయన చపాతీ పిండి చేతులతోని తలుపుల నిలవడ్డడు.

"నాకేటి తెలుసు సాబ్" అన్నడు వంటాయన.

"అందుకే నువ్వు."

మైనస్ పద్నాలుగు, గాలి. పని ఒక్కటే, బెల్టు విప్పి కొత్తది ఏసి ప్లగ్గు మార్చాలె. నేను పది అడుగుల దూరంల చేతులు కట్టుకొని నిలవడాలె. నోరు తెరవొద్దు. ఆ రెండు గంటలు నాకు మొత్తం డ్యూటీల కష్టమైన డ్యూటీ. చేతులు చంకల పెట్టుకున్న, అవి ముంగటికి పోకుండ.

ఎర్రది. మూత విప్పనీకే మూడు రకాల పానాలు. నాలుగోది మంచుల పడి పోయింది. తొడుగు తోని పిన్ను దొరుకుతలేదు. బొమ్మల బుక్కు గాలికి ఎగిరింది, వంటాయన దాని ఎన్క ఉరికిండు. అన్ని పెట్టినంక స్క్రీను మీద ఒక నంబరు వచ్చింది. బుక్కుల చూస్తె ఆ నంబరుకు డీలరును కలవమని రాసున్నది. వంటాయన సుట్టు కొండల దిక్కు చూసి "డీలరు గారూ" అని ఒక కేక ఏసిండు. యాభై రెండు నిమిషాలు, స్టార్టు కాలె.

నల్లది. బెల్టు మంచిగనే ఏసిండు. ముప్పై ఐదు నిమిషాలు. ఈలోపల బ్యాటరీ సల్లవడ్డది. బటన్, టిక్కు. వంటాయన సలాం కొట్టి పక్కకు వచ్చిండు.

పసుపుది. రెండు క్లిప్పులు తీస్తె మూత లేచింది. అన్ని బోల్టులకు ఒక్కటే పానా, ఆ పానా తాడుతోని బండికే కట్టి ఉన్నది. పోనీకి జాగ లేదు. బయటి తొడుగు గూడ ఇప్పకుండ బెల్టు గుంజి ఏసిండు. ప్లగ్గు తిప్పిండు. తాడు గుంజిండు. ఒకటి. రెండు. మూడో గుంజుకు కారం గిర్నీ మొదలైంది. పదిహేడు నిమిషాలు.

వంటాయన లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నడు. "నా కుక్కరుకి గాస్కెట్ మార్చడం దీనికంటే కష్టం సాబ్" అన్నడు. కెప్టెన్ సాబ్ మొకం అటు తిప్పుకొని నవ్విండు. ఆయన భుజాలు ఊగుడు మాకు కనవడ్డది.

మూడో దినం పొద్దున ఆఖరి వాలు గట్టివడ్డది, పోవచ్చని సుబేదార్ సాబ్ అన్నడు. ఆరున్నరకు పసుపుదాని వెనక స్లెడ్జి కట్టిన. కిరోసిన్ నాలుగు డబ్బాలు, బియ్యం, మందుల పెట్టె, వంటాయన పంపిన పూరీలు, ఆలుగడ్డ కూర. తాడు నేనే ముడేసిన, మా మామ ట్రాలీ ఆటోకు ఏసే ముడి. వెనక వంటాయన కూసున్నడు. మైనస్ పంతొమ్మిది, గాలి లేదు, మబ్బు లేదు.

మెడ దాటినంక ఆఖరి వాలు. తక్కువ గేరు ఏసిన. అది గొణుక్కుంట, ముసలావిడ మెట్లెక్కినట్టు ఎక్కింది. ఆగలె. "అత్తోరు కదిలారు" అన్నడు వంటాయన నా చెవుల.

పోస్టు కనవడేసరికి తొమ్మిది మంది బయట నిలవడ్డరు. ఐదు నెలలల్ల వాళ్లు బండి సప్పుడు వినలె. బీదరాయన గిన్నె మీద చెంచాతోని కొడుతున్నడు, మిగతోళ్లు గూడ మొదలువెట్టిన్రు. నేను పోయి వాళ్ల ముంగట ఆపిన. యాభై ఎనిమిది నిమిషాలు, నూట పది కిలోలు, ఇద్దరు మనుషులు. ఇంజన్ బందు చేసిన.

నేను అనుకున్న, పూరీల మీద పడ్తరని. పడలె. బీదరాయన దగ్గరికి వచ్చి బయటి తొడుగులు ఇప్పిండు. రెండు చేతులు బండి మూత మీద పెట్టిండు. ఇంజన్ వేడికి అది వెచ్చగున్నది. కండ్లు మూసుకున్నడు. పక్కాయన గూడ తొడుగులు ఇప్పిండు. అట్ల ఒకరెనుక ఒకరు తొమ్మిది మంది సుట్టు నిలవడ్డరు. పసుపు మూత మీద పద్దెనిమిది చేతులు. నల్లగ పగిలిన వేళ్లు, సందులేకుండ. ఎవలు కదలలె. మూత సల్లారిందాక గట్లనే ఉన్నరు. ఆ తర్వాతే పూరీలు తిన్నరు.

రిపోర్టుల కెప్టెన్ సాబ్ మూడింటికి న్యాయం చేసిండు. ఖాళీగ ఉరికి సూసి వచ్చే పనికి ఎర్రది. గట్టి తొవ్వకు నల్లది. పైనకు బరువు మోయనీకి, మనిషిని దించనీకి పసుపుది. నన్ను ఎవలన్న ఏ బండి మంచిది అని అడిగితె ఇప్పటికీ గదే అంట. ఏ తొవ్వకు, ఎవలు నడుపుతరు, పాడైతె పక్కన ఎవలుంటరు, గది చెప్పు ముందుగాల.

ఇరవై ఒకటో దినం నేను ట్రక్కుల ఉన్న. తొట్టెల యాళ్ల పదకొండు, అది దాటినంక గడియారం సూడలె. గిప్పుడు మామ ఎత్తుకున్నడు, గిప్పుడు పేరు చెప్పిండు అనుకున్న. వంటాయన టోపి సంచిల నుంచి తీసి ఒళ్లె పెట్టుకున్న.

ఇరవై ఐదో దినం పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌ల దిగిన. మా బావ ఆటో తెచ్చిండు. బావ అంటె మా అక్క మొగుడు, ఆయన ఆటో నడుపుతడు. దారంత నవ్వుకుంట ఉన్నడు, ఏందంటె చెప్పలె. చిల్కానగర్ల మా గల్లీకి వచ్చేసరికి ఇంటి ముంగట టెంటు, కుర్చీలు. లోపల దూలానికి తొట్టెల కట్టి ఉన్నది. పూలు సుట్టి ఉన్నయ్. ఖాళీది.

పక్కింటి టీచరమ్మ గుంటూరు మనిషి, గడప కాడనే నిలవడి అమ్మతోని లడాయి పెట్టుకుంటున్నది. "పిన్నిగారూ, నేను క్యాలెండర్ మీద టిక్కులు పెట్టాను. ఇవాళ ఇరవై ఐదు."

"నీ క్యాలెండర్ పుట్టిన కాడి నుంచి లెక్కవెడ్తది" అన్నది మా అమ్మ. "నాది దవాఖానా నుంచి ఇంటికి వచ్చిన కాడి నుంచి. ఐదో దినం ఇంటికొచ్చినం. గియ్యాల ఇరవై ఒకటి."

"దవాఖానా రోజులు లెక్కలో ఉండవా?"

"మా ఇండ్లల్ల ఉండయ్."

మా ఇండ్లల్ల ఎప్పుడన్న ఉండకుండ ఉన్నయా అని నేను మా బావ మొకం చూసిన. ఆయన "నాలుగు దినాల సంది ఉన్నది ఈ ఆనవాయితి" అన్నడు మెల్లగ. టీచరమ్మకు గూడ నవ్వొచ్చింది, క్యాలెండర్ సంగతి ఇడిసిపెట్టి నాకు మంచినీళ్లు తెచ్చింది.

గడప కాడ కాళ్లు చేతులు కడుక్కున్న. శివరాత్రి ఇంకా రాలె, చలి పోలె, తొట్టి నీళ్లు మంచు లెక్కనే ఉన్నయ్. నా భార్య బిడ్డను తెచ్చింది. నేను చేతులు సాపిన. అమ్మ నా చేతులు పట్టుకొని సూసింది. వేలు కొస కాడి మచ్చను సూసింది.

"గడ్డ లెక్క ఉన్నయ్ చేతులు. పిల్ల ఉలిక్కివడ్తది. ఏడి చేసుకొని రాపో."

పొయ్యి కాడ ఆడోళ్లు నిండి ఉన్నరు. నేను బయటికి వచ్చిన. బావ ఆటో బందు చేసి ఎంతోసేపు కాలె, ఎన్కల ఇంజన్ మూత ఇంకా వెచ్చగున్నది. దాని మీద రెండు చేతులు పెట్టిన. కండ్లు మూసుకున్న. మూసుకోంగనే పైన పోస్టుల తొమ్మిది మంది వచ్చి నా సుట్టు నిలవడ్డరు. సల్లారిందాక ఉందామనిపించింది గాని లోపల బిడ్డ ఏడ్సింది.

ఎత్తుకున్న. ఉలిక్కివడలె. చెవుల మొదలు నేనే చెప్పిన. కాయితాల మీద హారిక, ఇంట్ల బంగారి. ఆ పసుపు రంగు ఎక్కడిదో మా ఇంట్ల ఎవలకు చెప్పలె.

బిడ్డకు ఇప్పుడు ఎనిమిదేండ్లు, వంటాయన టోపి నిరుడే సరిపోయింది. నాచారంల నాకు సొంత షెడ్డు ఉన్నది. లోపలికి వచ్చిన బండికి ఏమైందో, నేను ఏం కట్టిన్నో అంత ఓనరుకు చెప్పినంకనే చావి ఇస్త. పొద్దుగాల చలిల ఒక బండి బాగై నడిచినంక బందు చేస్త, మూత మీద చెయ్యి పెడ్త. వేడి సూడనీకి అనుకుంటరు సూసినోళ్లు. నాకు మాత్రం నా చెయ్యి పక్కన పద్దెనిమిది చేతులు కనవడ్తయ్, సందులేకుండ, సల్లారిందాక.